రాయి తగిలిన సంగతి ఇప్పుడైనా చెప్పండి

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. కిందటి సెప్టెంబరులో మా బ్యాచ్ వాళ్ళం నలుగురం గ్రీసు వెళ్ళి, అయోనియన్ దీవుల దగ్గర 40 అడుగుల తెరచాప యాట్ ఒకటి వారం రోజులకు అద్దెకు తీసుకున్నాం. మాలో ఒకతనికి సెయిలింగ్ లైసెన్సు ఉంది. నాలుగో రోజు సాయంత్రం పడమటి వైపు ఉన్న ఒక చిన్న రేవులోకి వస్తుంటే అడుగున రాయి తగిలింది. ఆరు నాట్ల వేగం ఉంటుంది. పడవ ఒక్కసారిగా ఆగిపోయింది. లోపల గిన్నెలన్నీ కింద పడ్డాయి, ఒకతను మెట్ల మీంచి జారిపడ్డాడు. వెనక్కి తీసుకుని బయటపడ్డాం. నీళ్ళు రాలేదు. మిగిలిన మూడు రోజులూ పడవ బాగానే నడిచింది. డిపాజిట్ రెండున్నర వేల యూరోలు పోతాయని కంపెనీకి చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు, డబ్బు తిరిగి ఇచ్చేశారు. ఈ సెప్టెంబరులో నా భార్యను, ఎనిమిదేళ్ళ పాపను తీసుకుని మళ్ళీ వెళ్దామనుకుంటున్నాం. అదే కంపెనీ తక్కువకు ఇస్తానంది. ఈ మధ్య కీల్ (యాట్ అడుగున బిగించే బరువైన రెక్క) ఊడిపోయి మునిగిన పడవల గురించి చదివాక టెన్షన్ పట్టుకుంది, సరిగ్గా నిద్ర పట్టడం లేదు. అద్దెకు తీసుకునే యాట్ కీల్ బాగుందో లేదో మనం ఎలా చూసుకోవాలి? ఆ పాత సంగతి ఇప్పుడు చెప్పడం అవసరమా?

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: బాబూ, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అవసరమే. మీ ప్రయాణం సంగతి తర్వాత చూద్దాం, ఆ కంపెనీకి మాత్రం ఈ వారంలోనే రాయండి. అద్దె పడవ ఊరికే కట్టేసి ఉండదు. సీజన్‌లో శనివారం పొద్దున ఒక కుటుంబం దిగుతుంది, మధ్యాహ్నం కడిగి తుడుస్తారు, సాయంత్రానికి ఇంకో కుటుంబం సామాన్లతో ఎక్కుతుంది. మీ తర్వాత ఆ పడవలో ఎంతమంది తిరిగారో, ఈ వారం ఎవరు తిరుగుతున్నారో మనకు తెలియదు. దాని అడుగు రాయికి కొట్టుకుందన్న సంగతి వాళ్ళకూ తెలియదు. అది తెలిసింది మీ నలుగురికే.

మిమ్మల్ని నిలదీయాలని ఈ మాట అనడం లేదు. దాచేసి మరిచిపోగలిగిన మనిషి నాకు ఉత్తరం రాయడు. నేనూ చాలా ఏళ్ళు ఓడల మీద పనిచేసి, తర్వాత కొంతకాలం చిన్న పడవలను పరీక్షించే పని చేసినవాణ్ణే. మీరు చేసిన పని చేసినవాళ్ళను ఎంతోమందిని చూశాను. అందరూ చెప్పేది ఒకటే: "నీళ్ళు రాలేదు కదా, ఏమీ కాలేదనుకున్నాం." అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది, అందుకే దాని గురించి కాస్త వివరంగా రాస్తాను.

మీరు పనిచేసే కార్గో షిప్పు కీల్ వేరు, ఈ కీల్ వేరు. షిప్పులో అది అడుగు ప్లేటుల్లో కలిసిపోయిన భాగం. తెరచాప యాట్‌లో అలా కాదు. ఫైబర్ పడవ తయారయ్యాక, దాని కింద చేప రెక్కలాంటి ఇనుప దిమ్మెనో సీసపు దిమ్మెనో విడిగా తెచ్చి బోల్టులతో బిగిస్తారు. 40 అడుగుల యాట్ మొత్తం 8 టన్నులుంటే, అందులో రెండు, రెండున్నర టన్నులు ఆ దిమ్మే ఉంటుంది. దాని కొస నీటిమట్టానికి రెండు మీటర్ల లోతులో ఉంటుంది. పైన తెరచాపలు గాలికి పడవను ఎంత ఒరగదోసినా, కింద ఈ బరువు మళ్ళీ నిలబెడుతుంది. ఈ బరువు ఊడిపోతే పైన మిగిలేది స్తంభం, తెరచాపల బరువే. అప్పుడు పడవ తిరగబడటానికి నిమిషం కూడా పట్టదు.

మన తీరం పడవల్లో ఈ ఏర్పాటే లేదు. నేను పుట్టి పెరిగింది కళింగపట్నం పక్కన. మా చిన్నప్పుడు అలివి వల వేసే పడవల అడుగు చదునుగా ఉండేది. కెరటం మీద ఎక్కి నేరుగా ఇసుక మీదికి రావాలి కాబట్టి కింద రెక్కలాంటిది ఉంటే కుదరదు. పలకలను మేకులతో కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఇసుక తగిలినా కెరటం విసిరినా ఆ కుట్లు కాస్త సాగి, పడవ ఒళ్ళు సర్దుకునేది. వంశధార మొగలో ఇసుక మేట ఈ ఏడు ఉన్నచోట వచ్చే ఏడు ఉండదు, అడుగు తగలడం రోజూ ఉండేదే. అలాంటి ఒడ్డున పెరిగిన మనకు పడవ అడుగు తగిలిందంటే పెద్ద సంగతిగా అనిపించదు. ఫైబర్ యాట్‌కు మాత్రం సాగే గుణం లేదు. దెబ్బ తగిలితే ఆ బలమంతా ఎక్కడో ఒకచోట చిట్లితే తప్ప పోదు.

మీరు రాసిన లెక్కే తీసుకుందాం. ఆరు నాట్లంటే సెకనుకు మూడు మీటర్లు. 8 టన్నుల పడవ ఆ వేగంతో వచ్చి, రాయి తగిలి పది సెంటీమీటర్ల దూరంలో ఆగిందనుకోండి. కీల్ కొస మీద పడే సగటు బలం సుమారు 39 టన్నులు. అదే పడవ మెత్తటి ఇసుకలోకి దూసుకుపోయి మీటరు దూరంలో ఆగితే నాలుగు టన్నులకు లోపే. అందుకే "అడుగు తగిలింది" అని ఊరుకుంటే సరిపోదు. రాయా ఇసుకా, ఎంత వేగం, ఠక్కున ఆగిందా జారుతూ ఆగిందా, ఇవన్నీ చెప్పాలి. మనిషి మెట్ల మీంచి పడ్డాడని మీరే రాశారు. అది ఠక్కున ఆగిన దెబ్బ.

ఇప్పుడు ఆ బలం ఎటు పోతుందో చూడండి. నేలలో పాతిన గుంజను పై కొస పట్టుకుని ఊపితే వదులయ్యేది మొదట్లోని మట్టి కదా. కీల్ తలకిందులుగా పాతిన గుంజ లాంటిది. కింది కొసను రాయి వెనక్కి నెడితే, పైన కీల్ ముందు అంచు పడవ నుంచి విడిపోవాలని కిందికి లాగుతుంది, వెనక అంచు పడవ అడుగులోకి పైకి గుచ్చుకుంటుంది. రాయి తగిలిన చోట ఇనుము మీద చిన్న చొట్ట పడుతుంది, రంగు లేస్తుంది, అంతే. అసలు దెబ్బ తగిలేది దానికి రెండు మీటర్లు పైన, పడవ లోపల, నేల పలకల కింద.

అక్కడ ఏముంటుందంటే, బోల్టుల బరువు మోయడానికి ఫైబర్ దూలాల చట్రం ఉంటుంది. ఫ్యాక్టరీలో తయారయ్యే చాలా యాట్లలో ఆ చట్రాన్ని విడిగా ఒక పెద్ద తట్టలా పోతపోసి, తర్వాత పడవ అడుగుకు జిగురుతో అతికిస్తారు. దెబ్బకు ఆ అతుకు కొంత మేర వదిలేసినా చుక్క నీరు లోపలికి రాదు, పైకేమీ కనిపించదు. కానీ ఆ తర్వాత పడవ ఒరిగిన ప్రతిసారీ అడుగు కొద్దికొద్దిగా వంగుతూ ఉంటుంది, వదిలిన చోటు ఇంకాస్త పాకుతుంది. బోల్టుల సంగతి మరొకటి. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది గాలి తగలడమే. గాలి ఆడని సందులో ఉప్పునీరు నిలిస్తే ఆ స్టీలే లోలోపల గుంటలు పడి తరుగుతుంది. పైన నట్టు తళతళలాడుతూనే ఉంటుంది.

మీరు చదివింది బహుశా చీకీ రఫీకీ గురించి అయి ఉంటుంది. అదీ అద్దెకు తిరిగిన యాటే, బెనెటో ఫస్ట్ 40.7 రకం, ఇంచుమించు మీ పడవంత పడవ. 2014 మేలో ఆంటిగ్వా నుంచి ఇంగ్లండులోని సౌతాంప్టన్‌కు తిరిగి వెళ్తోంది. నలుగురున్నారు, అందులో ఇద్దరు పాతికేళ్ళు కూడా నిండనివాళ్ళు. పడవలోకి నీళ్ళు వస్తున్నాయని ఒడ్డుకు ఈమెయిల్ పెట్టారు. మే 16న, కెనడాలోని నోవా స్కోషియాకు 700 మైళ్ళకు పైగా దూరంలో, ఆపదలో ఉన్నామని తెలిపే వాళ్ళ బీకన్ సిగ్నల్ అందింది. వారానికి అమెరికా నేవీ ఓడ ఒకటి తిరగబడి తేలుతున్న పడవను కనిపెట్టింది. కింద కీల్ లేదు. ప్రాణాలు కాపాడే గాలి తెప్ప, లైఫ్‌రాఫ్ట్, విప్పకుండా దాని అరలోనే ఉంది. ఆ నలుగురూ దొరకలేదు.

బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ 2015లో దీనిపై నివేదిక ఇచ్చింది. అంతకుముందు పడవ అడుగు నేలకు తగిలిన సందర్భాలు, ఆ తర్వాత చేసిన మరమ్మతులు అన్నీ కలిసి కీల్ అతికిన చోటును బలహీనపరిచి ఉండవచ్చని అందులో రాశారు. ఒకటో రెండో బోల్టులు పాడై ఉండవచ్చనీ అన్నారు. పడవ చేతికి దొరకలేదు కాబట్టి "ఉండవచ్చు" అన్నారు. కానీ అందులో మీకు అచ్చంగా వర్తించే మాట ఒకటుంది: తేలికగా తగిలిన దెబ్బ కూడా కంటికి కనిపించని పెద్ద నష్టం చేయగలదు. మీకు తగిలింది తేలిక దెబ్బ కూడా కాదు.

కీల్ ఊడిన ప్రతి పడవలోనూ మనుషులు పోలేదు. 1985లో ఫాస్ట్‌నెట్ అనే యాట్ల పందెంలో డ్రమ్ అనే యాట్ కీల్ విరిగి తిరగబడింది, అందరూ బతికారు. 2011లో అదే పందెంలో రాంబ్లర్ 100 అనే పెద్ద యాట్‌కూ అదే జరిగింది. ఉన్న 21 మందినీ కాపాడారు, కొందరు గంటలకొద్దీ నీళ్ళలో ఉన్నారు. రెండూ తీరానికి దగ్గరలో జరిగాయి కాబట్టి సాయం అందింది. పందెం పడవల కీల్‌లు సన్నగా, లోతుగా ఉంటాయి. కుటుంబాలకు అద్దెకిచ్చే యాట్ల కీల్‌లు పొట్టిగా, మందంగా ఉంటాయి. అవి ఊడటం అరుదు. ఆ అరుదైన ప్రమాదానికి దారి తీసేవాటిలో ముఖ్యమైనది, ఎవరూ చెప్పని రాయి దెబ్బ.

నా కళ్ళతో చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక పడవల యార్డులో అద్దె యాట్ ఒకదాన్ని నీళ్ళలోంచి క్రేన్‌తో ఎత్తి చెక్క దిమ్మెల మీద దించుతున్నారు. నేను కీల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. కీల్ అడుగు చెక్కకు ఆనింది. బెల్టులు ఇంకా కాస్త వదిలారు. కీల్ కూర్చున్నాక పడవ కూడా ఆగిపోవాలి కదా. ఆగలేదు. నాలుగైదు మిల్లీమీటర్లు కిందికి దిగింది. కీల్‌కు పడవకు మధ్య అతుకు ముందు వైపు నోరు మూసుకున్నట్టు కలిసి, అందులోంచి ఎర్రటి నీళ్ళు ధారగా కారి నా చేతి మీద పడ్డాయి. మళ్ళీ ఎత్తమన్నాను. ఎత్తితే ఆ సందు తెరుచుకుంది. అంటే ఆ రెండు టన్నుల ఇనుము బోల్టులకు వేలాడుతోంది గానీ పడవకు బిగిసి లేదు. ముందు రోజు సాయంత్రమే అందులోంచి పిల్లలతో సహా ఒక కుటుంబం దిగి వెళ్ళింది. ఆ ఏడాది అడుగు తగిలినట్టు కంపెనీ పుస్తకంలో ఒక్క మాట కూడా లేదు. ఎవరికి ఎక్కడ తగిలిందో ఈ రోజుకీ తెలియదు. ఆ నీళ్ళ తడి నేను మరిచిపోలేదు. మీ ఉత్తరం చదవగానే ముందు గుర్తొచ్చింది అదే.

ఇక ఈసారి పడవ తీసుకునేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. అప్పగించే రోజు ఒక కుర్రాడు వచ్చి గంటలో అన్నీ చూపించేసి సంతకం పెట్టమంటాడు. ప్రయాణం చేసి అలిసిపోయి ఉంటారు, పాప నీళ్ళలో దిగుతానని గొడవ చేస్తుంటుంది. అయినా సంతకానికి ముందు నేల పలకలు ఎత్తమనండి. వాళ్ళు విసుక్కున్నా ఫర్వాలేదు. పాపను అమ్మకు అప్పగించి, టార్చి తీసుకుని మీరే కిందికి వంగి చూడండి.

ముందుగా పలకల కింద ఉండే గుంట పొడిగా ఉందా అని చూడాలి. నీళ్ళుంటే వేలు ముంచి నాలుకకు రాసుకోండి. తియ్యగా ఉంటే ట్యాంకు నీళ్ళో ఏసీ నీళ్ళో కావచ్చు. ఉప్పగా ఉంటే ఎక్కణ్ణించి వచ్చాయో వాళ్ళు చూపించి తీరాలి. తర్వాత కీల్ బోల్టుల నట్ల చుట్టూ తుప్పు చారలున్నాయా, వాషర్ల కింద ఫైబర్ నలిగిందా చూడండి. అన్నిటికన్నా ఎక్కువసేపు చూడాల్సింది కీల్ వెనక అంచు వచ్చే చోటు. అక్కడి అడ్డదూలాలు పడవ అడుగును కలిసే మూలల్లో సన్నటి పగుళ్ళు గీతల్లా కనిపిస్తే అది కీల్ పైకి గుచ్చుకున్న గుర్తు. స్క్రూడ్రైవర్ పిడితో దూలం వెంట మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. అతుకు బాగున్నంత దూరం గట్టి చప్పుడు వస్తుంది, వదిలిన చోట పండిన గుమ్మడికాయను తట్టినట్టు డొల్లగా వస్తుంది. నాలుగు చోట్ల తడితే మీ చెవికే తేడా తెలిసిపోతుంది. మిగిలిన గుంటంతా పాతగా ఉండి ఒక్క కీల్ వెనక భాగానికే కొత్త రంగు వేసి ఉంటే, ఎందుకు వేశారని అడగండి. మరమ్మతు చేసి ఉంటే చేసినట్టు కాగితం ఉంటుంది. ఎత్తిన నేల పలక మళ్ళీ తన చోట కూర్చోకపోయినా, గది తలుపులు బిగుసుకుపోయినా పడవ ఒళ్ళు కాస్త మెలిక పడిందేమో అనుమానించాలి.

తర్వాత ఈత కళ్ళద్దాలు పెట్టుకుని నీళ్ళలో దిగండి. సెప్టెంబరులో అయోనియన్ నీళ్ళు వెచ్చగా, బాగా తేటగా ఉంటాయి. పడవలు కట్టే మెరీనాలో నీళ్ళు కలకగా ఉంటే మొదటి రోజు ఆగిన చోట చూడొచ్చు. కీల్ ముందు అంచు కింది భాగంలో కొత్త చొట్టలున్నాయా, పైన అతుకు దగ్గర ముందు వైపు పగులు ఉందా చూడండి. ఒక్క మాట. ఇనుప కీల్ అతుకు దగ్గర వెంట్రుకంత గీత చాలా పడవల్లో ఉంటుంది, అది పైపూత పగిలినదే కావచ్చు. దాన్ని చూసి బెంబేలు పడొద్దు. పగులు ముందు వైపుకు పోయేకొద్దీ వెడల్పు అవుతున్నా, అందులోంచి తుప్పు కారిన మరకలున్నా, లోపలి పగుళ్ళు కూడా తోడైనా ఆ పడవ వద్దనండి. ఇంకో పడవ ఇవ్వమనండి. లేకపోతే ఒక రోజు పోయినా ఫర్వాలేదు.

బుక్ చేసేటప్పుడే రాసి అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఈ పడవను ఆఖరిసారి నీళ్ళలోంచి ఎప్పుడు ఎత్తారు, కీల్ బోల్టులు ఎవరు చూశారు, అడుగు తగిలినట్టు ఎవరైనా చెప్పారా, చెబితే ఏం చేశారు. జవాబు ఎలా వస్తుందో గమనించండి. "మా పడవకు ఎప్పుడూ ఏమీ తగల్లేదు" అని చెప్పే కంపెనీ కన్నా, "జూన్‌లో ఒకసారి ఇసుక తగిలింది, డైవర్ చూశాడు, ఇదిగో ఫొటోలు" అనే కంపెనీని నేను నమ్ముతాను. మరో మాట, మీ నేవీ సర్టిఫికెట్ ఒక్కటే చాలుతుందనుకోకండి. గ్రీసులో యాట్ నడిపేవాళ్ళ దగ్గర సెయిలింగ్ లైసెన్సు అడుగుతారు. కిందటిసారి మీ స్నేహితుడిది ఉంది. ఈసారి ఎవరు? లేకపోతే పడవ నడిపే స్కిప్పర్‌ను పెట్టుకోండి. చిన్నపిల్ల ఉన్నప్పుడు అదే మంచిది, మీరూ పాపను చూసుకోవచ్చు.

కాటమరాన్ తీసుకుంటే ఈ బెడద ఉండదా అని చాలామంది అడుగుతారు. ఆ పేరు మన తూర్పు తీరం తెప్పదే, కట్టుమరం అనే తమిళ మాట నుంచి వెళ్ళింది. ఇప్పటి కాటమరాన్ రెండు పడవలు జోడించినట్టు వెడల్పుగా ఉంటుంది, నిలబడటానికి బరువైన కీల్ అక్కర్లేదు. అడుగున ఉండే చిన్న కీల్‌లు పగిలినా తిరగబడదు. అద్దె మాత్రం బాగా ఎక్కువ. మీ బడ్జెట్ ఒప్పుకుంటే పిల్లలతో వెళ్ళడానికి మంచిదే.

మళ్ళీ రాయి తగలకుండా చూసుకోవడం సగం మీ చేతుల్లోనే ఉంది. అప్పగించే కుర్రాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న, లోతు చూపే మీటరు ఎక్కణ్ణించి కొలుస్తోంది అని. కొన్ని పడవల్లో నీటిమట్టం నుంచి, కొన్నిట్లో పడవ అడుగున్న సెన్సార్ నుంచి, కొన్నిట్లో కీల్ కొస నుంచి కొలిచేలా పెట్టి ఉంటారు. తెరమీద 2.5 అని చూపిస్తే ఒక పడవలో కీల్ కింద రెండున్నర మీటర్లు ఉన్నట్టు, ఇంకో పడవలో అర మీటరే ఉన్నట్టు. వాళ్ళకు తెలియకపోతే గట్టు దగ్గర దారానికి బరువు కట్టి మీరే కొలుచుకోండి. సముద్ర పటం చూపే చార్టు ప్లాటర్‌ను దగ్గరికి జూమ్ చేయకపోతే చిన్న రాళ్ళు తెరమీద కనిపించవు, అది మీకు తెలిసిందే, కానీ సెలవులో మరిచిపోతాం. మీరు సాయంత్రం, పడమటి రేవులోకి వెళ్ళారు. ఎండ ఎదురుగా ఉండి నీటి అడుగు కనిపించి ఉండదు. ఆ వైపు మధ్యాహ్నం వాయవ్యపు గాలి లేస్తుంది, అందరూ దాంతో తిరిగి సాయంత్రం తొందరగా రేవుకు చేరాలని చూస్తారు. ఒక గంట ముందే, సూర్యుడు ఇంకా పైన ఉండగా చేరండి. కొత్త రేవులోకి రెండు మూడు నాట్లకు మించి వెళ్ళొద్దు. ముందు కొసన ఒకరు నిలబడి నీళ్ళు చూస్తూ ఉండాలి. వేగం సగానికి తగ్గితే దెబ్బ నాలుగో వంతు అవుతుంది. ఇంకోటి, మన ఒడ్డున పడవ ఇసుకలో కూరుకుంటే పోటు వచ్చేదాకా ఆగుతాం. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు చాలా తక్కువ. అక్కడ నీళ్ళు లేచి మిమ్మల్ని పైకెత్తవు.

అయినా తగిలితే ముందు మనుషుల్ని చూడండి, అందరికీ లైఫ్ జాకెట్లు వేయండి. నేల పలక ఎత్తి గుంటను స్పాంజితో పొడిగా తుడిచేయండి. టైము, చోటు, వేగం రాసుకోండి. ప్రతి పదిహేను నిమిషాలకూ గుంటలో చూడండి. తెరచాపలు దించేసి, పడవను ఒరగనివ్వకుండా ఇంజిన్ మీద మెల్లగా దగ్గరి రేవుకు వెళ్ళి, కంపెనీకి ఫోన్ చేసి డైవర్‌ను పంపమనండి. నీళ్ళు ఊరుతున్నా, అల వచ్చిన ప్రతిసారీ కింద దబ్బు దబ్బుమని కదిలిన చప్పుడు వస్తున్నా ఆలస్యం చేయకుండా వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో సాయం అడగండి. ఆ తర్వాత ఎవరూ లోపలి గదుల్లో ఉండకూడదు, అందరూ పైన డెక్ మీదే ఉండాలి. తిరగబడితే లోపలున్నవాళ్ళకు బయటికి వచ్చే వ్యవధి ఉండదు. లైఫ్‌రాఫ్ట్ ఎక్కడుందో, ఎలా తెరవాలో మొదటి రోజే చూసి ఉంచుకోండి.

డిపాజిట్ సంగతి. మీ చేత నోరు మూయించింది ఆ రెండున్నర వేల యూరోలే. నాకు అర్థమవుతుంది, మన డబ్బుల్లో అది రెండున్నర లక్షలు. మా చిన్నాన్న పడవను ఎవరైనా అడిగి తీసుకెళ్తే, తిరిగొచ్చాక ఒడ్డున ఒకటే అడిగేవాడు: "ఎక్కడైనా తగిలించీసినావా? తగిలితే సెప్పీ, ఏటీ అనను." చెబితే అక్కడే పడవను పక్కకు ఒరగదోసి, ఆ పలక కుట్టు వెంట వేలితో తడుముకుంటూ వెళ్ళేవాడు. తాడు వదులైతే మర్నాడు సముద్రానికి పంపేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. అద్దె కంపెనీలు చెప్పినవాడి డబ్బు పట్టుకుని, చెప్పనివాడి డబ్బు తిరిగి ఇస్తాయి. ఆ పద్ధతి తప్పని నా గట్టి అభిప్రాయం. దాన్ని మనం మార్చలేం గానీ మన వరకు ఒక దారి ఉంది. ముందే కొంత డబ్బు కట్టి డిపాజిట్‌కు బీమా తీసుకోవచ్చు, చాలా కంపెనీలు అలాంటి సదుపాయం ఇస్తాయి. అందులో అడుగు తగలడం కవర్ అవుతుందో లేదో చదివి తీసుకోండి. అప్పుడు నిజం చెప్పడానికి మీకు లక్షలు ఖర్చు కావు.

పాత దెబ్బకు వాళ్ళు ఇప్పుడు డబ్బు అడగొచ్చు. అడిగితే మీ నలుగురూ పంచుకోండి. ఒప్పందం మీద సంతకం పెట్టిన స్నేహితుడికి ముందు ఫోన్ చేసి, "నేను రాస్తున్నాను, నీకు తెలియాలి" అని చెప్పండి. అతను వద్దన్నా రాయండి. క్షమాపణలు, సంజాయిషీలు పొడుగ్గా వద్దు. ఇంగ్లీషులో ఇంత చాలు: "కిందటి సెప్టెంబరులో ఫలానా తేదీన, ఫలానా రేవు ముఖద్వారంలో, మీ ఫలానా పడవ కీల్ రాయికి తగిలింది. వేగం సుమారు 6 నాట్లు. పడవ ఒక్కసారిగా ఆగింది, ఒకతను పడిపోయాడు. నీళ్ళు రాలేదు. అప్పుడు మీకు చెప్పలేదు, చెప్పాల్సింది. దయచేసి ఎవరికైనా మళ్ళీ అద్దెకిచ్చే ముందు పడవను పైకెత్తి కీల్ బోల్టులు, లోపలి చట్రం పరీక్ష చేయించండి. వివరాలు కావాలంటే నన్ను అడగండి." ఫోన్‌లో చోటు గుర్తులు ఉంటే అవీ జత చేయండి. వాళ్ళు పడవను ఎత్తి చూపించి, ఫొటోలు పంపితే ఆ కంపెనీతోనే నిశ్చింతగా వెళ్ళొచ్చు. జవాబే రాకపోతే ఇంకో కంపెనీ చూసుకోండి, ఆ ఈమెయిల్ మాత్రం మళ్ళీ ఒకసారి పంపండి, ఈసారి పడవ పేరు పైన సబ్జెక్టులోనే పెట్టండి.

పాప బరువు ఎంతో రాసి, ఆమెకు సరిపోయే లైఫ్ జాకెట్ ముందే సిద్ధంగా ఉంచమని చెప్పండి. పెద్దవాళ్ళది బిగించి కడితే సరిపోదు, నీళ్ళలో పడితే తలమీంచి ఊడొచ్చేస్తుంది. వీలైతే వైజాగ్‌లోనో ఆన్‌లైన్‌లోనో కొని, వెళ్ళే ముందు ఒకసారి మీ బారువ బీచ్‌లోనే మోకాలిలోతు నీళ్ళలో వేసి, తేలడం అలవాటు చేయించండి.